పెళ్ళిళ్ళకు వెళ్ళొచ్చే కుండీ

నిర్ణయాలు తీసుకోవటంలో నేను ఎప్పుడూ వెనకాడిన మనిషిని కాను. మోకాలి ఆపరేషను గురించి డాక్టరు ఇంకా చెబుతూ ఉండగానే సరేనన్నాను. నందిగామలో ఈ ఇల్లు చూడటానికి వచ్చిన రోజు, వంటింట్లో పంపు తిప్పి, వరండాలో కాసేపు నిలబడి, "ఇదే" అని మావారితో చెప్పేశాను. ఆయన గదులన్నీ చూడనేలేదు పాపం. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని, తేలని లెక్కంటూ ఉండదని నా నమ్మకం. అలాంటిదాన్ని, ఒక పూలకుండీ ముందు స్టూలు వేసుకుని కూర్చుని, తొలకరి నుంచీ ఆలోచిస్తూ ఉండిపోయానంటే నాకే నవ్వొస్తుంది. కొయ్యాలా, కొయ్యకుండా మొత్తంగా పెద్ద తొట్టిలోకి మార్చాలా? ఇంతే ప్రశ్న. కానీ ఆ కుండీ మా సుగుణమ్మ అత్తయ్యది. మా నాన్న అక్క. నన్ను పెంచిన మనిషి. ఆవిడ పోయి రెండు వర్షాకాలాలు గడిచాయి. దాని మీద కత్తి పెట్టకూడదన్నది ఆవిడ బతికినన్నాళ్ళూ చెప్పిన మాట.

అసలు ఈ తంటా అంతా రూతు రావటంతో మొదలైంది. రూతు వాళ్ళది జగ్గయ్యపేటలో అత్తయ్య ఇంటి పక్కిల్లు. వాళ్ళమ్మ మార్తమ్మ, మా అత్తయ్య ఒకే కంచంలో తినేంత స్నేహితులు. రూతు పుట్టినప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను, నా చంకలోనే పెరిగింది. ఇప్పుడు అదే చిల్లకల్లు దగ్గర బడిలో టీచరమ్మ. ఒక ఆదివారం గుడిలో ఆరాధన అయ్యాక, కూతురి పెళ్ళి శుభలేఖ పట్టుకుని వచ్చింది. కాఫీ తాగింది, కబుర్లు చెప్పింది, పెళ్ళికొడుకు హైదరాబాదులో ఏం చేస్తాడో నాకు అర్థంకాని మాటల్లో చెప్పింది. లేచి వెళ్ళబోతూ వరండాలో ఆగింది. "అక్కా, అమ్మ పెళ్ళికీ కుండీ వచ్చింది, నా పెళ్ళికీ వచ్చింది. మా పిల్ల పెళ్ళికి కూడా పంపాల. పొద్దున్నే కారు తీసుకొచ్చి నేనే పట్టుకెళ్తా, తెల్లారి మళ్ళీ నేనే తీసుకొచ్చి దింపుతా" అంది. ఆ మాట కోసం అత్తయ్య ఎన్నాళ్ళు చూసిందో నాకు తెలుసు. "దానికేముందే, తీసుకెళ్ళు" అన్నాను. రూతు వంగి కుండీ అంచు పట్టుకుని లేపబోయింది. కుండీ అంగుళం కూడా కదల్లేదు. అంచు నుంచి అడుగు దాకా ఉన్న పగులు మాత్రం టక్కుమని ఇంకొంచెం విచ్చుకుంది. "ఓరి నాయనో! ఇది కుండీనా, బావి వరా అక్కా?" అంది రూతు, చెయ్యి విదిలించుకుంటూ.

అప్పుడే నేను దాన్ని సరిగ్గా చూశాను. రోజూ నీళ్ళు పోస్తాం గానీ చూడం. కాడలు ఒకదాని మీద ఒకటి ఎక్కి, కుండీ అంచు దాటి గాలిలోకి వచ్చేశాయి. తెల్లటి వేళ్ళు కుండీ వెనక గోడను పట్టుకుని సున్నంలోకి దిగాయి. నడిమధ్యలో ఆకు లేదు, ఎండి ముడతలు పడ్డ ముసలి కాడలు గుంపుగా నిలబడి ఉన్నాయి. పచ్చదనమంతా చుట్టూ అంచులకే చేరింది. ఒక పక్క రెండు పూల కాడలు తలెత్తుతున్నాయి. వాటికి పెసరగింజంత మొగ్గలు. రూతు ఆ మొగ్గలు చూసి, "అయ్యో, సరిగ్గా పెళ్ళికి విచ్చేట్టున్నాయే!" అని ఉసూరుమంటూ వెళ్ళింది.

నేను ఆరో క్లాసుకు వచ్చేసరికి మా ఊళ్ళో హైస్కూలు లేదు. మా ఊరు చందర్లపాడు పక్కన. నాన్న అక్కడ ఎలిమెంటరీ బడిలో మాస్టారు, దాంతోపాటు కొద్దిపాటి సేద్యం. నన్ను తీసుకెళ్ళి జగ్గయ్యపేటలో అత్తయ్య దగ్గర వదిలారు. అత్తయ్య అక్కడ ఆసుపత్రిలో నర్సు, ఆపరేషన్ థియేటర్లో డ్యూటీ. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని ఊళ్ళో తలా ఒక కథ చెప్పేవాళ్ళు గానీ, ఆవిడ మాత్రం "ఎవడూ నా టైముకి లేవలేడే" అని తేల్చేసేది. నిజమే, తెల్లవారకముందే లేచేది. ముందు పెరట్లో నీళ్ళ కాగు కింద పొయ్యి రాజేసేది. కట్టెపొగ, గంజి వాసన, ఆవిడ చీరకు అంటుకున్న ఆసుపత్రి మందు వాసన, ఈ మూడూ కలిస్తేనే నాకు ఆ ఇల్లు. గంజి పెట్టిన తెల్లచీరలు తీగ మీద అట్టల్లా నిలబడి ఉండేవి, గాలికి టపటపా కొట్టుకునేవి. ప్రార్థన చేసేటప్పుడు కూడా ఆవిడ ఒక కన్ను పొయ్యి మీదే. "ప్రభువా, ఈ దినమంతా మమ్మును కాపాడుము, ఒసే కరుణా, పాలు పొంగుతున్నయ్ చూడు, ఆమెన్" అన్నది ఆ ఇంట్లో రోజూ వినిపించే ప్రార్థన.

ఆ మొక్కను ఇచ్చింది ఆసుపత్రిలో పనిచేసిన ఒక మలయాళం సిస్టర్. ఉద్యోగం మానేసి సొంత ఊరు వెళ్ళిపోతూ, నాలుగు కాడల మొక్కను పాత దూది చుట్టలో పెట్టి అత్తయ్య చేతికిచ్చింది. ఆర్కిడ్ అనే మాట మాకెవరికీ తెలియదు. అత్తయ్య దాన్ని మలయాళం పువ్వు అనేది. ఆ వారం ఊరి నుంచి నన్ను చూడటానికి నాన్న వచ్చారు. మొక్కను అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికి మన మట్టి పడితే గదక్కా! మన నల్లరేగడిలో పుల్ల గుచ్చినా చిగురేస్తది" అన్నారు. అన్నవారు ఊరుకోలేదు, తరవాతి రాకలో గోనెసంచి నిండా పొలంలోని రేగడి తెచ్చారు, పైన పశువుల ఎరువు. ఆ నేల మీద పండిన మిరపకాయల్ని చూసుకుని బతికిన మనిషి, ఆ మట్టిని కాదనే మొక్క భూమ్మీద ఉంటుందని ఎలా అనుకుంటారు? నా ఎనామిల్ గిన్నె, నేను ఊరి నుంచి తెచ్చుకున్నది, అంచు మీద నీలం గీత ఉన్నది, దానికి అడుగున మేకుతో చిల్లులు పొడిచి, మట్టి కూరి నాటారు. నీళ్ళు పడగానే రేగడి బిగుసుకుపోయింది. మొక్క పసుపుపచ్చగా తిరిగింది, రెండు కాడలు కుళ్ళిపోయాయి. నాన్న తెల్లబోయారు. ఇంట్లో ఎవరన్నా మాట వినకపోతే ఎలా ఉంటారో అలా అయిపోయారు. "పొగరుబోతు మొక్క" అన్నారు.

అత్తయ్య ఆ మట్టంతా కడిగేసి, నీళ్ళ కాగు పొయ్యిలోంచి చల్లారిన బొగ్గులు ఏరి, ఇంటి పెంకులు విరిగినవి రాయితో చితక్కొట్టి, అదే గిన్నెలో బొగ్గూ పెంకూ నింపి, మిగిలిన రెండు కాడల్నీ నిలబెట్టింది. స్నానాల గది బయట, కాగు ఆవిరి తగిలేచోట తీగకు వేలాడదీసింది. "ఊపిరాడక చస్తందే పాపం. ఊపిరాడనోళ్ళని నేను రోజూ చూస్తూనే ఉంటా" అంది. అప్పటినుంచి దానికి బియ్యం కడిగిన నీళ్ళే తిండి. మెయిన్ రోడ్డు మీద పోయే లారీల దుమ్ము ఆకుల మీద పడితే తడి దూదితో ఒక్కో ఆకూ తుడవటం నా పని. పసిపిల్లల మొహం తుడిచినట్టు తుడవాలి, రుద్దకూడదు. రెండో వానాకాలానికి పూసింది. వంగపండు రంగు పూలు, ఒక కాడకు పదో పన్నెండో, వాడకుండా నెల దాటి నిలిచాయి. వాకిట్లో జనం నిలబడి చూసేవాళ్ళు. మల్లెపూవు సాయంత్రం పూసి పొద్దునకు వాడిపోయే ఊళ్ళో, నెలరోజులు నిలిచిన పువ్వంటే మాటలా!

పెళ్ళిళ్ళ ఆనవాయితీ అక్కడే మొదలైంది. మొదట మా గుడిలో ఎవరిదో పెళ్ళికి, పాస్టరుగారి బల్ల పక్కన పెట్టటానికి ఒక కాడ కోసివ్వమని వచ్చారు. అత్తయ్య ఒప్పుకోలేదు. "కొయ్యను. కుండీ మొత్తం తీసుకెళ్ళండి, పెళ్ళి అయ్యాక తెచ్చివ్వండి" అంది. అప్పటికి గిన్నె చాలక మట్టికుండీలోకి మారింది. నేను రిక్షాలో కూర్చుని కుండీని ఒళ్ళో పెట్టుకుని గుడికి తీసుకెళ్ళాను. ఆ పెళ్ళిలో వధూవరుల కంటే కుండీనే ఎక్కువమంది చూశారని ఊరంతా చెప్పుకున్నారు. ఆ తరవాత ఇక చెప్పాలా, మా వాళ్ళలో పెళ్ళి కుదిరిందంటే పాస్టరుగారి తరవాత కబురు కుండీకే. "పెళ్ళికుండీ" అని పేరే పడిపోయింది. మా గుడిలో ఆ రోజుల్లో పెళ్ళయిన ఎవరింట్లోనైనా గోడమీద ఫోటో చూడండి, పెళ్ళికూతురు ఎడమపక్కన మా కుండీ ఉంటుంది. మా గుడి వాళ్ళే కాదు, వీధి చివర కమ్మవారింట్లో నిశ్చితార్థానికి కూడా ఒకసారి వెళ్ళొచ్చింది. వెళ్ళిన కుండీ ఉత్తచేతులతో తిరిగి రాకూడదు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు గానీ, ఆడపడుచుకు పెట్టినట్టుగా కుండీ మెడకు ఒక కొత్త జాకెట్టు ముక్క చుట్టి పంపేవాళ్ళు, లోపల నాలుగు లడ్డూలు. అత్తయ్య ఆ ముక్కల్ని ఎవరికీ ఇచ్చేది కాదు. ఆవిడ జాకెట్లన్నీ పెళ్ళిళ్ళవే. తమాషా ఏంటంటే ఆ పెళ్ళిళ్ళకు ఆవిడ చాలావాటికి వెళ్ళనే లేదు. "నాకు డ్యూటీ ఉంది, కుండీ వస్తది" అని కబురు పంపేది. పెళ్ళికాని ఆడదాన్ని పెళ్ళిపందిట్లో నిలబెట్టి అడిగే ప్రశ్నలు ఆవిడకు తెలుసు. కుండీని ఎవరూ ఏమీ అడగరు.

మొక్క పెరిగినప్పుడల్లా అత్తయ్య దాన్ని పీకేది కాదు. పాత కుండీతో సహా ఎత్తి పెద్ద కుండీలో దింపి, సందులో బొగ్గూ పెంకూ నింపేది. కాడలు పాత అంచు దాటి కొత్త బొగ్గుల్లోకి నడిచి వెళ్ళేవి. అందరూ విడదీసి నాటుకోమనేవాళ్ళు. "పొద్దస్తమానం కోతలే చూస్తా. ఇంటికొచ్చి కూడానా?" అనేది. నేనూ అదే కారణం అనుకున్నాను, చాలాకాలం. ఒకసారి మార్తమ్మ పెరటి గోడ మీదుగా, "సుగుణా, మనలో మనకేంటే, ఒక్క ముక్క ఇవ్వు, నేనూ పెంచుకుంటా" అని అడిగింది. నేను పక్కనే చింతపండు ఒలుస్తున్నాను. అత్తయ్య నవ్వుతూనే అంది, "కావాలంటే కుండీ మొత్తం పట్టుకుపో. ముక్క మాత్రం ఇవ్వను. ముక్క ఇచ్చాక నా గుమ్మం ఎవరు తొక్కుతారే?" మార్తమ్మ కూడా నవ్వేసింది. ఆ తరవాత అత్తయ్య పొయ్యి దగ్గర కూర్చుని ఎంతసేపటికీ లేవలేదు. అది ఉత్త పరాచికం కాదని నాకు ఆ వయసులోనే అర్థమైంది. ఒంటరిగా ఉండే ఆడమనిషి ఇంటికి జనం ఎందుకొస్తారు? జ్వరమొస్తే ఇంజక్షనుకు వస్తారు, పెళ్ళొస్తే కుండీకి వస్తారు. ఇంజక్షను కోసం వచ్చేవాళ్ళు ఏడుపుమొహాలతో వస్తారు. కుండీ కోసం వచ్చేవాళ్ళు నవ్వుతూ వస్తారు. అందుకే ఆవిడకు కుండీ అంటే ప్రాణం.

చివరి రోజుల్లో ఆవిడను నేనే నందిగామ తెచ్చుకున్నాను. కుండీని ట్రాలీ ఆటోలో తెచ్చాం. ఇక్కడ వరండాలో దింపి, "బాగుందే, తూర్పు ఎండ పడతది" అని ఆవిడే చోటు చూపించింది. ఇక్కడికి వచ్చాక ఎవరూ కుండీ అడగలేదు. ఎందుకు అడుగుతారు? ఇప్పుడు పెళ్ళిళ్ళు హైవే పక్కన ఫంక్షన్ హాళ్ళలో. డెకరేషన్ వాళ్ళు ముందురోజు రాత్రి వ్యాను వేసుకొచ్చి, ఎక్కడినుంచో విమానంలో దిగిన ఆర్కిడ్ కాడల్ని అట్టపెట్టెల్లోంచి తీసి, స్పాంజి ముక్కల్లో వందలుగా గుచ్చేస్తారు. మర్నాడు హాలు వెనక అవే పూలు ఇంకా వాడకుండానే కుప్పగా పడుంటాయి, మేకలు తింటుంటాయి. నేను ఆ కాలమే మంచిదని కన్నీళ్ళు పెట్టుకునే రకం కాదు. ఆ కాలంలో నీళ్ళ కాగు కింద పొగకు అత్తయ్య కళ్ళు పాడయ్యాయి, మా హైస్కూలు హాస్టలు పిల్లలకు కడుపునిండా తిండి లేదు. గీజరు వేసుకుని హాయిగా స్నానం చేస్తూ పొయ్యిని పొగడటం నాకు చేతకాదు. కానీ ఒక్క సంగతి మాత్రం గుండెల్లో ముల్లులా ఉండిపోయింది. ప్రతి ఆదివారం నేను గుడి నుంచి రాగానే అత్తయ్య మంచం మీద నుంచి అడిగేది, "కుండీ ఎవరన్నా అడిగారా?" నేను ప్రతిసారీ, "ఇప్పుడు పెళ్ళిళ్ళు లేవు అత్తయ్యా, మూఢం" అనేదాన్ని. మనకు మూఢమేంటని ఆవిడ ఒక్కసారి కూడా నిలదీయలేదు.

అందుకే రూతు అడిగినప్పుడు నాకు సంతోషం, కోపం రెండూ వచ్చాయి. ఇన్నాళ్ళూ ఏం చేశావే అని అరవాలనిపించింది. ఆవిడ చెవిన ఆ ఒక్క మాట పడుంటే ఎంత సంబరపడేదో! సరే, ఇప్పటికైనా అడిగింది. అడిగితే లేదన్న మాట ఆ కుండీ చరిత్రలో లేదు, నా హయాంలో మొదలుకాదు. కానీ కుండీ కదలదు. కదలాలంటే విడదీయాలి. విడదీస్తే మొగ్గ రాలుతుంది, ఒక్కోసారి మొక్కే పోతుంది. అదీకాక కత్తి పెట్టొద్దన్న మాట ఉండనే ఉంది. కొయ్యకుండా మొత్తాన్నీ సిమెంటు తొట్టిలోకి మారిస్తే ఆవిడ మాట నిలబడుతుంది. అప్పుడది ఇంకెప్పుడూ ఈ వరండా దాటదు, నడిమధ్య తడి ఆరక కుళ్ళటం కూడా ఖాయం. మొదటిసారి రేగడిలో జరిగిందే మళ్ళీ జరుగుతుంది.

మా తమ్ముడు జోసెఫ్‌కు ఫోన్ చేశాను. వాడు ఊళ్ళోనే ఉండి మిర్చి, పత్తి వేస్తాడు. నా తరవాత వాడూ అత్తయ్య ఇంట్లోనే చదివాడు, నాకంటే వాణ్నే ఎక్కువ గారాబం చేసింది. సంగతి వినగానే ఎగిరిపడ్డాడు. "అక్కా, నువ్వు దానిమీద కత్తి పెట్టావంటే మీ గుమ్మం తొక్కను, చెప్తన్నా. అత్తయ్య ఉన్నప్పుడు ఆకు గిల్లితే చెయ్యి మీద కొట్టేది. ఆవిడ లేదని ముక్కలు చేత్తావా? సిమెంటు తొట్టి నేను తెస్తా. మంచి రేగడి కూడా తెస్తా."

"నాన్న తెచ్చాడుగా ఒకసారి రేగడి, చాల్లే నాయనా" అన్నాను.

"అది ఎరువు ఎక్కువై చచ్చింది, మట్టి తప్పు కాదు" అన్నాడు. మట్టిని ఒక్క మాట అననివ్వడు, అచ్చం నాన్నే.

ఇటు రూతు రోజూ వాట్సాప్‌లో "అక్కా మొగ్గలు ఎట్లా ఉన్నయ్?" అని పెడుతుంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. వాళ్ళిద్దరి సంగతి పక్కన పెట్టి, అత్తయ్య ఏమంటుందా అని స్టూలు మీద కూర్చుని ఆలోచించాను. కొయ్యొద్దన్నది ఆవిడ మాట. ఆ మాట ఎందుకన్నదో మార్తమ్మతో చెప్పిన రోజు విన్నాను. జనం రావాలని. ఇప్పుడు కొయ్యకపోతేనే జనం రారు. మాట నిలబెడితే మాట వెనకున్న కోరిక పోతుంది. ముప్పై ఏళ్ళ లెక్కల టీచరుకు ఆ మాత్రం తేల్చుకోవటానికి అన్ని రోజులు పట్టిందంటే సిగ్గుపడాలి. తేలాక మాత్రం మళ్ళీ తిరిగి చూడలేదు. "రేపు పొద్దున విడదీస్తన్నా. చూడాలంటే రా, తొక్కనంటే మానెయ్" అని తమ్ముడికి చెప్పి ఫోన్ పెట్టేశాను.

వాడు కాఫీ వేళకే దిగాడు. గుమ్మం తొక్కనన్న మనిషి గుమ్మం తొక్కటమే కాదు, "ఉప్మాలో జీడిపప్పు వేశావా?" అని కూడా అడిగాడు. సన్నగా తుంపర పడుతోంది. మొక్కను రాత్రే బాగా తడిపి ఉంచాను. కత్తిని గ్యాస్ మంట మీద ఎర్రగా కాల్చి చల్లార్చాను, థియేటర్ నర్సు పెంచిన పిల్లని కదా. గోడకు పట్టుకున్న వేళ్ళను వేలితో ఒక్కొక్కటీ వదిలించి, పచ్చడిబండ తీసుకుని పగులు మీద ఒక్కటి వేశాను. జోసెఫ్ కళ్ళు మూసుకున్నాడు. కుండీ రెండుగా విడిపోయింది. లోపల బొగ్గూ పెంకుల మధ్య ఇంకో కుండీ. అది నా కాలేజీ రోజులది, గుర్తుపట్టాను. దాన్నీ కొట్టాను. లోపల ఇంకోటి, రిక్షాలో నా ఒళ్ళో కూర్చుని వెళ్ళింది. అది నానిపోయి చేత్తో నొక్కితేనే విరిగింది. దాని లోపల, వేళ్ళు అల్లుకుని వల కట్టేసిన చోట, నీలం గీత కనబడింది. నా ఎనామిల్ గిన్నె. తుప్పు పట్టి అడుగంతా పోయింది, అంచు మాత్రం మిగిలింది. ఆ గిన్నె ఏమైందని అప్పుడెప్పుడో అడిగితే "పారేశానే" అంది మహాతల్లి. నేను అక్కడే, తడి బొగ్గుల్లో, చతికిలబడి ఏడ్చాను. సిగ్గుపడకుండా ఏడ్చాను. జోసెఫ్ కూడా కళ్ళు తుడుచుకుంటూ, "నా గ్లాసు కూడా ఉందేమో చూడక్కా" అన్నాడు. ఏడుస్తూనే నవ్వొచ్చింది.

నడిమధ్యంతా ఎప్పుడో ఎండిపోయింది. ముసలి కాడలు పట్టుకుంటే పొడిగా ఊడి వచ్చాయి. అవి పోగానే ఒక పక్క గుంపు దానంతట అదే విడిపోయి నా చేతిలోకి వచ్చింది, మేం విడదీయకముందే అది విడిగా బతుకుతోంది. మిగిలిన రెండు గుంపులు మాత్రం ఒక లావుపాటి ముదురు దుంప దగ్గర కలిసే ఉన్నాయి, రెండూ పచ్చగానే. పూల కాడలు అటుపక్కే. ఇక్కడ కత్తి తప్పదు. చెయ్యి చాపాను. జోసెఫ్ కాసేపు నా మొహం చూశాడు, మొక్కను చూశాడు, కత్తి తీసి పిడి నా వైపు తిప్పి ఇచ్చాడు. "తొందరగా కానీ అక్కా, నానబెట్టమాకు" అన్నాడు. ఒక్క కోత. తెల్లటి కోత మీద పసుపు అద్దాను. మూడు కొత్త కుండీల్లో బొగ్గు, పెంకు. కాగు పొయ్యి లేదుగా, బొగ్గులు వీధి చివర ఇస్త్రీబండి అతన్ని అడిగి తెచ్చుకున్నాను.

మొగ్గలు రాలాయి, రాలవని నేనూ అనుకోలేదు. పెళ్ళి నాటికి రెండు కాడల్లో కలిపి మూడే నిలిచాయి, వాటిలో రెండు విచ్చుకున్నాయి. రూతు కారులో కుండీని తన ఒళ్ళోనే పెట్టుకుని వెళ్ళింది. హాల్లో డెకరేషన్ కుర్రాడు ఆ కుండీని చూసి, "ఇదెక్కడ పెట్టమంటారు మేడం, వెనక పెట్టేదా?" అని అడిగాడు. వాడి పూల గోడ నిండా వందల ఆర్కిడ్లు మరి. "పెళ్ళికూతురు ఎడమపక్కన" అంది రూతు, ఇంకో మాటకు తావులేకుండా. రెండే రెండు పూలతో నిలబడింది మా కుండీ. జగ్గయ్యపేట పాతవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, పెళ్ళికూతుర్ని దీవించి, ఆ పక్కకు వంగి చూశారు. "ఇది సుగుణమ్మ కుండీ కదూ?" అని ఒక ముసలావిడ ఆకు మీద వేలితో నిమిరింది. నిమిరింది, రుద్దలేదు. నాకు కడుపు నిండిపోయింది.

వచ్చేటప్పుడు రూతుకు చెప్పాను, "తిరిగి తేవద్దు. ఇది నీదే." అది మొదట అర్థంకానట్టు చూసింది. "అదేంటక్కా, తిరిగి ఇవ్వకపోతే అత్తయ్య ఊరుకుంటదా?" అంది. "అత్తయ్యతో నేను మాట్లాడుకుంటా, నువ్వు ఉంచుకో" అన్నాను. అది నా భుజం మీద తల పెట్టి, "మా అమ్మ అడిగినప్పుడు ఇవ్వలేదు తెలుసా" అంది. "తెలుసు. నేనక్కడే ఉన్నా" అన్నాను.

అత్తయ్య భయం నాకూ లేకపోలేదు. ముక్క ఇచ్చాక ఎవరొస్తారు? ఒకటి జోసెఫ్ పట్టుకుపోయాడు, రేగడి వెయ్యనని బైబిలు మీద ప్రమాణం చేయించి మరీ ఇచ్చాను. ఒకటి వరండాలో, ఆవిడ చూపించిన చోటే, నీలం గీత అంచు బొగ్గుల పైన పెట్టి ఉంచాను. మళ్ళీ ఆదివారం గుడి నుంచి వచ్చేసరికి, గేటు దగ్గర రూతు నిలబడి ఉంది. చేతిలో లడ్డూల డబ్బా, కొత్త జాకెట్టు ముక్క. "కుండీ ఇంటికి రాకపోయినా కుండీ మర్యాద రావాలిగా" అంది. వెనక ఇంకొకావిడ ఉంది, నాకు తెలియని మనిషి, నవ్వుతూ నిలబడింది. "ఈవిడ మా వీధే అక్కా, మొన్న పెళ్ళిలో చూసింది. వచ్చే నెల వాళ్ళ పాప నిశ్చితార్థం. నా దాంట్లో పూలు అప్పటిదాకా ఉండవు. నీ దాంట్లో మొగ్గుందేమోనని తీసుకొచ్చా. కుండీ ఇస్తావా?"

నేను గేటు తీసి, వాళ్ళను లోపలికి రమ్మని, వరండాలో నిలబడి పైకి అన్నాను. రూతు విన్నా పర్వాలేదు, కొత్తావిడ విన్నా పర్వాలేదు.

"అత్తయ్యా, కుండీ అడిగారే."